కోట గోడ, గంజి బండ, టాకీసు నేల: రాయచూరు తెలుగు ఎక్కడెక్కడ మిగిలింది

2015 అక్టోబరులో దసరా సెలవులకు మా మనవడు హైదరాబాదు నుంచి వచ్చాడు. అప్పుడు వాడు నాలుగో తరగతి. ఊళ్లో ‘రుద్రమదేవి’ సినిమా ఆడుతోంది, మ్యాట్నీకి తీసుకుపోయాను. గోన గన్నారెడ్డి వేషంలో అల్లు అర్జున్ వచ్చి తెలంగాణ యాసలో మాట్లాడగానే హాల్లో ఒకటే ఈలలు. వాడు నా చెవి దగ్గరికి వంగి, “తాతా, ఈయన అచ్చం జేజి మాట్లాడినట్టే మాట్లాడుతున్నాడు” అన్నాడు.

జేజి అంటే మా అమ్మ. గద్వాల పక్క పల్లె ఆమెది. అప్పటికి ఎనభై దాటినాయి. వాడు నా పేరు చెప్పలేదు, మా అమ్మ పేరే చెప్పాడు. ఎందుకంటే వాడి ముందు నేనెప్పుడూ ఆ మాట మాట్లాడలేదు. బ్యాంకు ఉద్యోగంలో ఊళ్లు తిరిగి తిరిగి, పత్రికల్లో కనబడే తెలుగుకు అలవాటు పడ్డాను. ఈ వ్యాసం కూడా ఆ తెలుగులోనే నడుస్తోంది. మధ్యలో మా మాట దొర్లితే మాత్రం దిద్దలేదు.

సినిమా అయినాక వాడితో అన్నాను: “ఆ గన్నారెడ్డి పేరు మన ఊళ్లోనే కోట గోడ మీద ఉంది రా.” నమ్మలేదు. సరే పద అని ఆ సాయంత్రమే తీసుకుపోయాను. ఆ రోజు మొదలైన ఆలోచనే ఈ రాత. నేను భాషాశాస్త్రం చదవలేదు, బీకాం చదివాను. అందుకని ఊళ్లో అందరికీ తెలిసిన చోట్లు, అంటే కోట, గంజి, టాకీసు పట్టుకుని, మా తెలుగు ఎక్కడెక్కడ ఉందో ఒక్కొక్క పద్దు వేసి చూస్తున్నాను.

గోడ మీద తెలుగు

రాయచూరు కోటకు రెండు వరుసల గోడలు. బయటి గోడ బీజాపూరు ఆదిల్‌షాహీల కాలంలో, 1549 ప్రాంతంలో కట్టింది. లోపలి గోడ అంతకంటే చాలా పాతది. సున్నం వాడకుండా, 12 అడుగుల దాకా పొడవున్న చెక్కిన రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి లేపారు. ఆ లోపలి గోడలో పడమటి వైపు ఒక రాయి ఉంది. ఒకటే రాయి, పొడవు 41 అడుగుల పైమాటే. దాని మీద తెలుగు శాసనం చెక్కి ఉంది. కాలం శక సంవత్సరం 1216, అంటే 1294.

శాసనంలో ఉన్న సంగతి ఇది. కాకతీయుల కింద వర్ధమానపురాన్ని ఏలిన గోన గన్నయరెడ్డి దగ్గర విఠలుడనే అధికారి ఉండేవాడు. అతను ఆదవాని, తుంబళ, మానువ, హాలువ కోటలు గెలిచి, రాయచూరు చేరి, ఇక్కడ ఈ రాతికోట కట్టించాడు. ఆదవాని అంటే ఇప్పటి ఆదోని, మానువ అంటే మా జిల్లాలోని మాన్వి. వర్ధమానపురం నాగర్‌కర్నూలు దగ్గరున్న నంది వడ్డెమాను. ద్విపదలో రంగనాథ రామాయణం రాసిన బుద్ధారెడ్డి కూడా ఈ గోన వంశం వాడే. అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ నవల చదివినవారికి ఈ పేరు ముందే తెలిసి ఉంటుంది.

సినిమా చూసినవాళ్లకు ఒక చిన్న సవరణ. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం వల్ల రుద్రమదేవి 1289లో మరణించిందని తెలుస్తోంది. మా గోడ 1294 నాటిది. అంటే అది ప్రతాపరుద్రుడి కాలంలో లేచింది. మా ఊళ్లో చాలామంది ‘రుద్రమ్మ కట్టించిన కోట’ అంటారు కానీ లెక్క ప్రకారం అయిదేళ్లు తేడా వస్తుంది.

ఈ శాసనం గురించి నాకు బాగా నచ్చిన ముక్క ఇంకొకటుంది. ఇంగ్లీషువాళ్ల కాలపు గెజిటీరులో ఈ కోట కట్టినవాడి పేరు ‘గోరె గంగయ్య రుద్దివారు’ అని అచ్చయింది. గోన కాస్తా గోరె అయింది, గన్నయ గంగయ్య అయ్యాడు, రెడ్డి రుద్ది అయ్యాడు. అన్నీ చెడిపోయినా చివర ‘వారు’ మాత్రం చెడలేదు. రెడ్డివారు అని మన పెద్దలు మర్యాదగా చెప్పే మాట కొస అట్లే ఇంగ్లీషు పుస్తకంలోకి ఎక్కి కూర్చుంది. ఈ కొసల సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

శాసనం దగ్గరే గోడ మీద సన్నని గీతలతో గీసిన ఒక బొమ్మ ఉంది. పెద్ద రాయిని బండి మీదికెక్కించి, జోడు జోడుగా కట్టిన దున్నపోతుల పొడుగాటి వరుసతో లాగిస్తున్నారు. చక్రాల దగ్గర కర్రలు పెట్టి మనుషులు తోస్తున్నారు. రాయి ఎట్లా వచ్చిందని ఎవరూ అడగనక్కర లేకుండా అక్కడే బొమ్మ గీసి పెట్టారన్నమాట. మా మనవడు శాసనం కంటే ఆ బొమ్మనే ఎక్కువసేపు చూశాడు. తర్వాత అసలు ప్రశ్న వేశాడు. “ఇది తెలుగే అంటున్నావు కదా తాతా, చదువు మరి.”

చదవలేకపోయాను. ఏడు వందల ఏళ్ల కిందటి అక్షరాలు. ఒకటీ అరా పోల్చుకున్నాను, అంతే.

పేర్లు ఒకరివి, కొసలు మావి

నేను 1981లో బ్యాంకులో చేరాను. అప్పట్లో ఖాతా తెరిచే కాగితంలో చిరునామా గడి ఉండేది కానీ ఇంటి నంబరు ఎవరికీ గుర్తుండేది కాదు. వాళ్లు చెప్పేవాళ్లు, మేం రాసుకునేవాళ్లం. తీన్ కందిల్ దగ్గర. మక్కా దర్వాజా లోపల. ఆమ్ తలాబ్ వెనక. టాకీసు ఎదురుగ. పాత లెడ్జర్లు తిప్పితే ఊరి పటం కళ్లకు కట్టేది.

ఆ పేర్లను ఒకసారి విడదీసి చూడండి. బయటి కోటకు పడమర మక్కా దర్వాజా, ఉత్తరాన నవరంగ్ దర్వాజా, తూర్పున కాటి దర్వాజా, దక్షిణాన ఖందక్ దర్వాజా. లోపలి కోటకు సైలానీ, సికందరీ దర్వాజాలు. దర్వాజా పారసీ మాట. మా ఇళ్లలో మాత్రం తలుపు అనే మాట కంటే అదే ఎక్కువ వినబడేది: “దర్వాజ ఎయ్, కుక్క వస్తది.” ఖందక్ అంటే కోట చుట్టూ తవ్విన గుంత. అదే తెలుగులో కందకం అయింది. పిల్లల చరిత్ర పాఠంలో కందకం అని చదువుతారు, అది అరబ్బీ పారసీల మీదుగా వచ్చిన మాట అని ఎవరికీ అనుమానం కూడా రాదు.

తీన్ కందిల్ అంటే మూడు దీపాలు. ఊరి నడిబొడ్డున ఉండే కూడలి అది. కందీలు అని లాంతరును అనడం మా వైపూ తెలంగాణలోనూ మామూలే. ఈ మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మాకు వచ్చింది. ఇంగ్లీషు క్యాండిల్‌కు దీనికి చుట్టరికం ఉంది, రెండింటికీ మూలం లాటిన్‌లో ఉంది. ఆ కూడలి దగ్గర్లోనే ఏక్ మినార్ మసీదు. 1513లో బహమనీల చివరి రోజుల్లో కట్టింది. దాని ఒంటి స్తంభం 65 అడుగుల ఎత్తు. ఊళ్లోకి కొత్తగా వచ్చినవాళ్లకు దారి చెప్పాలంటే దాన్నే గురుతు చెప్పేవాళ్లం.

ఇక ఆమ్ తలాబ్. ఉర్దూవాళ్లకు ఆమ్ తలాబ్, కన్నడంవాళ్లకు మావిన కెరె. రెండూ ఒకే చెరువు. మరి తెలుగువాళ్లం మామిడి చెరువు అనాలి కదా? నా ఎరుకలో ఒక్కరూ అనలేదు. మేం కూడా ఆమ్ తలాబే అన్నాం. చాలాకాలం నేను దీన్ని మాకు సొంత పేర్లు లేకపోవడమనే అనుకున్నాను. ఊరి పేర్లన్నీ ఉర్దువో కన్నడవో అయితే, మా తెలుగు ఇక్కడ అద్దెకున్నట్టే కదా అని.

తర్వాత మా అమ్మ ఒకసారి ఎవరికో దారి చెబుతుంటే విన్నాను. “తీన్‌కందీలు కాడికెల్లి మక్కాదర్వాజ దాంక పోయి, ఆడ ఓణిల తిరుగు.” కందీలు, దర్వాజ ఉర్దూ. ఓణి అంటే సందు, కన్నడ మాట. చోట్ల పేర్లలో ఒక్కటీ తెలుగు కాదు. కానీ ‘కాడికెల్లి’, ‘దాంక’, ‘పోయి’, ‘ఆడ’, ‘ఓణిల’లో ఉన్న ‘ల’, ‘తిరుగు’ అన్నీ తెలుగే. వాక్యాన్ని నిలబెట్టేవి అవే. అవి తీసేస్తే మిగిలేది మూడు పేర్లు మాత్రమే, దారి కాదు.

అందుకని రాయచూరు తెలుగు కోసం వెతికేవాళ్లకు నేను చెప్పేది ఒకటి. బోర్డుల మీద పేర్లు చూసి ఇక్కడ తెలుగు లేదనుకోవద్దు. ఊరు ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్లది. రెండు నదుల నడుమ ఉన్న ఈ దోఆబ్ కోసం ఎన్ని యుద్ధాలు జరిగాయో తెలిసిందే. 1520 మే నెలలో కృష్ణదేవరాయలు, ఇస్మాయిల్ ఆదిల్‌షా తలపడింది ఈ కోట కోసమే. తర్వాత బీజాపూరు, మొగలులు, నిజాం. 1853 నుంచి 1860 దాకా ఇంగ్లీషువాళ్లు. మళ్లీ నిజాం. ఎవరొచ్చినా గేట్లకు పేర్లు పెట్టారు. దారి చెప్పేవాళ్లు మాత్రం వాళ్ల వాళ్ల భాషల్లోనే చెప్పుకున్నారు.

గంజిలో బండలాగుడు

మా వ్యవసాయ మార్కెట్ యార్డు పేరు రాజేంద్ర గంజ్. మేం గంజి అంటాం, ‘గంజిల’ అంటే మార్కెట్లో అని. పత్తి సీజన్లో అక్కడ ఇసుక వేస్తే రాలదు. ఇసుక అన్నాను కదా, మా మాటలో అది ఉసికె. కన్నడంలో ఉసుకు. ఇసుక, ఉసికె, ఉసుకు పక్కపక్కన పెట్టి చూస్తే నడుమ ఉన్నది మా మాట, రెండు వైపులా సరిపోయేట్టుంది.

కన్నడ నాట జ్యేష్ఠ పున్నమిని కార హుణ్ణిమె అంటారు. మన ఏరువాక పున్నమి అదే. తొలకరి ముందు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఊరేగించే పండుగ. ఈ పండుగకు రాయచూరులో మున్నూరు కాపు సమాజం వారు ముంగారు సాంస్కృతిక రాయచూరు హబ్బ పేరుతో పెద్ద ఉత్సవం జరుపుతున్నారు. మున్నూరు కాపులు ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కులం. ఉత్సవం పేరు కన్నడం, నడిపేది తెలుగువాళ్లు, చూడ్డానికి వచ్చేది ఊరంతా.

అందులో అసలు ఆకర్షణ బండలాగుడు. గంజి ఆవరణలో గీత గీసిన దారి మీద జోడెడ్లు బండను లాగాలి. ఒకటిన్నర టన్ను నుంచి రెండున్నర టన్నుల దాకా రోజుకొక బరువు పెడతారు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జతకు బహుమతి. ఆ చివరి దాకా పోయి మళ్లీ తిరగాలి. ఆ తిప్పేటప్పుడే ఎద్దుల సత్తువ, తోలేవాడి నేర్పు బయటపడతాయి. కర్ణాటక జతలే కాదు, ఆంధ్ర, తెలంగాణల నుంచి కూడా వస్తాయి. కుస్తీలు, గుండు ఎత్తడం, ఉసికె సంచి ఎత్తడం కూడా ఉంటాయి. ఎత్తే గుండును కన్నడంలో సంగ్రాణి కల్లు అంటారు. మా వైపు పైల్వాన్లు రెండు పేర్లూ వాడతారు.

ఒకసారి ఆ గుంపులో నిలబడి చూస్తుంటే కోట గోడ మీది బొమ్మ గుర్తొచ్చింది. బండ, దాన్ని లాగే పశువులు, వెనక కేకలు వేసే మనుషులు. ఆ 1294 నాటి పని నుంచే ఈ ఆట వచ్చిందని నేను చెప్పను. బండలాగుడు రాయలసీమలోనూ ఉంది, మిగతా చోట్లా ఉంది. కానీ ఈ రెంటికీ కావలసిన మాటలు మాత్రం ఒకటే: బండ, బండి, మోకు, కాడి, జోడు, అదిలించు, మలుపు. అక్కడ మైకులో వ్యాఖ్యానం కన్నడంలో సాగుతుంటే, తోలేవాళ్లలో చాలామంది ఎడ్లతో తెలుగులో మాట్లాడుతున్నారు. “నడువు బిడ్డా, నడువు.” ఎద్దు నేర్చుకున్న భాష మారిస్తే అది కదలదు కదా.

అక్కడ కూడా పై పేరు ఒక భాషది, పని జరిగేది ఇంకో భాషలో. ఇందులో నాకు తగాదా ఏమీ కనబడలేదు. కన్నడ వ్యాఖ్యాత “భళిరె” అంటే తెలుగు రైతు మీసం తిప్పాడు.

టాకీసు, ‘నైజాం’, గద్వాల

నా చిన్నప్పుడు టాకీసులో తరగతులు మూడు: నేల, బెంచి, కుర్చీ. నేల అంటే నిజంగానే నేల. ఉసికె మీద కూర్చుని, ఒక చిన్న కుప్ప పోసుకుని దాని మీద ఎత్తుగా కూర్చునేవాళ్లం. వెనకవాడు తిడితే కుప్ప చెదరగొట్టాలి. సినిమాను ‘ఆట’ అనేవాళ్లం. మొదటాట, రెండాట. హాలు ఖాళీ అయ్యే సమయాన్ని “ఆట ఇడిసే యాళ” అంటే ఊరంతటికీ గడియారం. కన్నడంలో పల్లెల నాటకం బయలాట. మాకు వీధి భాగోతం. ఆట అనే మాట రెండు భాషలదీ. బయలులో ఆడితే బయలాట, తెర మీద ఆడితే మొదటాట. ఇప్పుడు సీటు నంబరు వచ్చింది, నేల పోయింది. నేలతోపాటు నేల టికెట్టు, ఆ మాటకున్న ఎగతాళి కూడా పోయాయి. మా మనవడికి నేల టికెట్టంటే ఏమిటో చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

కన్నడ జిల్లాలో తెలుగు సినిమా ఇంత ఆడడమేమిటని బయటివాళ్లు అడుగుతారు. జవాబు పాత పటంలో ఉంది. సినిమా వ్యాపారంలో నైజాం ఏరియా అంటారు చూడండి, ఆ పేరు పాత నిజాం రాజ్యం నుంచి వచ్చింది. రాయచూరు ఆ రాజ్యంలో ఒక జిల్లా. 1956 నవంబరు 1న రాష్ట్రాలను మళ్లీ గీసినప్పుడు రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలోకి పోయింది. కానీ జిల్లా మొత్తం పోలేదు. గద్వాల, ఆలంపురం తాలూకాలను విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్ జిల్లాకు కలిపారు. అంటే అంతకుముందు గద్వాల రాయచూరు జిల్లాలోనే ఉండేది.

మా అమ్మ పెళ్లి 1950 ప్రాంతంలో. అప్పుడు ఆమె ఒకే జిల్లాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కాపురానికి వచ్చింది. ఆరేళ్లకు పుట్టిల్లు వేరే రాష్ట్రమైపోయింది. ఆమె కదలలేదు, గీత కదిలింది. చివరిదాకా ఎవరైనా అడిగితే “మాది రాయచూరు జిల్లా గద్వాల” అనేది. మేం నవ్వేవాళ్లం. ఆమె నేర్చుకున్నప్పుడు అది సరైన సమాధానమే. ముంబై వైపు నుంచి వచ్చిన రైలు దారి, మద్రాసు వైపు నుంచి వచ్చిన రైలు దారి 1871లోనే రాయచూరు దగ్గర కలిశాయి. పక్కనున్న గద్వాలకు మాత్రం రాయచూరు నుంచి నేరుగా రైలు 2013లో వచ్చింది. అమ్మ ఆ బండెక్కి పుట్టింటికి పోయి వచ్చి, “ఇంత దగ్గరుండి ఇన్నేండ్లు ఏం జేసిండ్రు?” అంది.

ఈ విభజన వల్ల మా తెలుగుకు జరిగింది ఏమిటంటే, అటువైపున్న గద్వాల తెలుగు బడిలో, పత్రికలో, ఈ మధ్య సినిమాలో కూడా చోటు సంపాదించుకుంది. ఇటువైపున్న మాది బడికి బయటే ఉండిపోయింది. మా తరంలో చాలామంది కన్నడ మీడియంలో చదివాం. తెలుగు చదవడం ఇంట్లో పెద్దల దగ్గరో, సినిమా పోస్టర్ల మీదో నేర్చుకున్నాం. నేను తెలుగు కూడబలుక్కుని చదివిన మొదటి అక్షరాలు గోడ మీది వాల్‌పోస్టరువే. అట్లా చూస్తే టాకీసు మాకు బడి కూడా.

కౌంటరు ముందు ఇద్దరు

ఇప్పుడు నా సంగతి. కొన్నేళ్లు నేను సింధనూరు వైపు ఒక శాఖలో పనిచేశాను. తుంగభద్ర ఆనకట్ట 1953లో నిలిచాక, ఎడమ కాలువ కింద భూములు కొని సాగు చేసుకోవడానికి కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. వాళ్ల ఊళ్లను క్యాంపులంటారు. కష్టజీవులు, వరి పంటలో దిట్టలు. వాళ్ల తెలుగు వేరు. “వచ్చేశామండీ, సంతకం ఎక్కడ పెట్టమంటారు?” అంటారు. అదే కౌంటరులో పాత పల్లెల నుంచి వచ్చిన మా రైతు “వచ్చినం సారూ, నిశాని ఏడ పెట్టాలె?” అంటాడు. నిశాని అంటే వేలిముద్ర.

నేను ఇద్దరికీ మొదటి రకం తెలుగులోనే జవాబు చెప్పేవాడిని. ఆఫీసరు మాట అట్లాగే ఉండాలని ఎవరూ నాకు చెప్పలేదు, నేనే అనుకున్నాను. ఒక రోజు ఒక ముసలాయన పంట రుణం కోసం వచ్చాడు. రెండు మూడు మాటలు విని, నేను కోస్తా నుంచి వచ్చానని అనుకుని, మర్యాద కోసం కష్టపడి కన్నడంలో మాట్లాడడం మొదలుపెట్టాడు. నాకు అర్థమయ్యేది తెలుగేనని తెలిసి కూడా, తన తెలుగు నాకు పనికిరాదనుకున్నాడు. నేను రాయచూరు వాణ్ణే పెద్దాయనా అంటే నమ్మలేదు. “కాదులే సారూ” అని నవ్వాడు. ఆ పని చేసిపెట్టాను, కాగితాలు ఇచ్చాను, ఆయన పోయాడు. తర్వాత చాలా రోజులు ఆ నవ్వు గుర్తొచ్చింది.

క్యాంపుల వల్ల ఇంకో అపోహ వచ్చింది. ఈ జిల్లాలో తెలుగు అంటే కాలువతో వచ్చిందే అని కొందరు అనుకుంటారు. చదువుకున్నవాళ్లూ నాతో అన్నారు. కాలువకు ముందు ఆరున్నర శతాబ్దాల నాటి రాయి గోడలో ఉంది. ఇది ఎవరితోనో పోటీకి చెప్పడం లేదు. ఇదే జిల్లాలో మస్కిలో 1915లో అశోకుడి శాసనం దొరికింది, అది ప్రాకృతం. కోటలో పారసీ శాసనాలున్నాయి. కన్నడం ఈ నేలకు ఇంటి భాష. ఎవరు ముందు, ఎవరు తర్వాత అని ఇక్కడ తేల్చడం మొదలుపెడితే చివరికి అందరం అతిథులమే అవుతాం. నేను చెప్పేదల్లా, రెండు తెలుగులూ ఉన్నాయి, రెండింటి చరిత్రా వేరు, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని లేదనుకోవద్దు అని.

పదకొండు నిమిషాలు

2019లో అమ్మ పోయింది. నేను అంతకు ముందు సంవత్సరం రిటైరయ్యాను, ఇక తీరిగ్గా కూర్చుని ఆమె మాటలన్నీ రాసుకుంటానని అనుకున్నాను. నోటుపుస్తకం కొన్నాను కూడా. రాయలేదు. ఆమె గొంతు మాకు మిగిలింది ఒక్క చోటే. 2015లో కోట చూసి ఇంటికొచ్చాక, మా మనవడు జేజి ముందు ఫోను పెట్టి, “జేజీ, గన్నారెడ్డి లెక్క మాట్లాడు” అన్నాడు. ఆమెకు గన్నారెడ్డి ఎవరో తెలియదు. కొత్త కోడలిగా మొదటిసారి రాయచూరులో సినిమాకు పోయిన కథ చెప్పింది. పదకొండు నిమిషాలు.

దాన్ని నేను ఎన్నోసార్లు విన్నాను. కాగితం మీద మాటా మాటా రాశాను. దర్వాజ ఉంది, కందీలు ఉంది, ఓణి ఉంది, ఉసికె ఉంది. ‘కాడ’ పద్దెనిమిది సార్లు వచ్చింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ అనని మాటలు ఇరవై మూడు తేలాయి. పదకొండు నిమిషాల్లోనే ఇన్ని ఉంటే, ఆమె ఎనభై ఏళ్ల పైచిలుకు మాట్లాడిందాంట్లో ఎన్ని పోయాయో ఏ లెక్కకూ అందదు.

కిందటేడు మా వీధిలో ఉండే కన్నడ మాస్టారితో కలిసి మళ్లీ ఆ గోడ దగ్గరికి పోయాను. ఆయన ఒక సంగతి చెప్పాడు. 13వ శతాబ్దంలో తెలుగుకూ కన్నడానికీ లిపి దాదాపు ఒకటే, ఇప్పటి తేడాలు తర్వాత తర్వాత వచ్చాయి అని. ఇద్దరం నిలబడి అక్షరాలు పోల్చడం మొదలుపెట్టాం. నాకు తెలియనివి కొన్ని ఆయన పట్టుకున్నాడు, ఆయనకు అందనివి కొన్ని నేను పట్టుకున్నాను. గంటలో ఒక అర వరుస కూడా కాలేదు. మళ్లీ వద్దామనుకున్నాం.

రాయచూరు, మాన్వి, దేవదుర్గ, లింగసుగూరు, సింధనూరు వైపు తెలుగిళ్లలో పుట్టినవారు ఇది చదువుతుంటే ఒక మనవి. మీ ఊరి టాకీసును, బావిని, కోట గేటును, కుస్తీ మైదానాన్ని మీ అవ్వలు ఏమనేవాళ్లో రాసి పంపండి. ఉత్త పేరు చాలదు, ఆ పేరు పెట్టి ఒక వాక్యం కావాలి. ఎవరికైనా దారి చెప్పమని అడగండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ రోజే ఫోను ముందు పెట్టండి. నోటుపుస్తకం కొనేదాకా ఆగకండి.